ఫోటో నుంచి టీషర్టు బొమ్మ

ఫోటోలోని వెలుగునీడల్ని, రంగుల్ని బాగా తగ్గించి, బట్ట మీద చక్కగా అచ్చు పడే బొమ్మగా తయారుచేసే పని ఇది. మనిషి ముఖం, ఊరి గుడి గోపురం, చదువుకున్న బడి, పెంపుడు కుక్క, పాత బుల్లెట్ బండి, దేని ఫోటో అయినా ఇందుకు పనికొస్తుంది. చివరికి తేలేది మాత్రం ఒకటి నుంచి నాలుగు రంగుల బొమ్మ. అందులో అంచులు తెగినట్టు స్పష్టంగా ఉంటాయి, అనవసరమైనవన్నీ పోతాయి, అయినా చూసినవాళ్ళు వెంటనే గుర్తుపడతారు.

మామూలు డిజిటల్ ఫోటోలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం అనే మూడు పాళ్ళు ఉంటాయి. ఒక్కొక్క దానిలో 256 మెట్లు. మూడూ కలిస్తే ఒక కోటీ 67 లక్షల పైచిలుకు రంగులు. స్క్రీన్ ప్రింటింగ్‌లో ఈ సంపద చెల్లదు. ఫ్రేముకు బిగించిన సన్నటి వల గుడ్డలోంచి రంగు దిగడమో, దిగకపోవడమో జరుగుతుంది. సగం దిగడం అంటూ ఉండదు. పైగా ఒక్కో రంగుకు ఒక్కో ఫ్రేము చేయించాలి, ఒక్కోదాన్ని విడిగా అద్దాలి. రంగు పెరిగితే ఖర్చు పెరుగుతుంది, ఒక రంగు పక్కన ఇంకో రంగు సరిగ్గా కూర్చోకపోయే ప్రమాదమూ పెరుగుతుంది. ఫోటోను కుదించే విద్య పుట్టింది ఈ అవసరంలోంచే.

ఇప్పుడు ఫిల్ము మీది నుంచి బొమ్మను దించే డీటీఎఫ్, బట్ట మీదే నేరుగా అచ్చువేసే డీటీజీ యంత్రాలు ఫోటోను ఉన్నదున్నట్టు బట్ట మీదికి ఎక్కిస్తున్నాయి కదా, ఇంకా ఈ కుదింపు ఎందుకు అనే ప్రశ్న వస్తుంది. ఫోటోను నాలుగు మూలల చట్రంతో సహా ఛాతీ మీద అతికిస్తే అది దళసరి పలకలా కూర్చుంటుంది. దాని కింద గాలి ఆడదు, మన ఎండల్లో చెమట పడుతుంది, ఉతికేకొద్దీ మడతల దగ్గర పగుళ్ళు వస్తాయి. పది అడుగుల దూరం నుంచి చూస్తే ఫోటోలోని ఛాయలన్నీ ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. సరళమైన బొమ్మ వీధి అవతల నుంచి కూడా చదవగలిగేలా ఉంటుంది, బట్టను బట్టగానే ఉంచుతుంది. ఈ పనిలో మొదట వంటబట్టాల్సిన సంగతి ఒకటే: టీషర్టు రంగు కూడా బొమ్మలో ఒక రంగు. ఖర్చు లేకుండా వచ్చే రంగు అది. దాన్ని ఎక్కడ వదలాలో తెలిసినవాడి చేతిలో ఒక్క ఇంకుతోనే ముఖం పలుకుతుంది.

చరిత్ర

ఫోటోను అచ్చుకు లొంగదీయడం టీషర్టుల కంటే చాలా పాత సమస్య. ఛాయాచిత్ర కళకు ఆద్యుల్లో ఒకరైన ఇంగ్లండు వాసి ఫాక్స్ టాల్బట్, పలచటి గుడ్డ తెరను అడ్డుపెట్టి ఫోటోలోని ఛాయల్ని విడగొట్టవచ్చని 1852 నాటి పేటెంటులోనే చూపాడు. 1880లలో జర్మనీలో గియోర్గ్ మైసెన్‌బాఖ్, అమెరికాలో ఫ్రెడరిక్ ఐవ్స్ దాన్ని వ్యాపార స్థాయికి తెచ్చారు. మన దేశంలో ఈ విద్యకు మూలపురుషుడు కలకత్తాకు చెందిన ఉపేంద్రకిశోర్ రాయ్‌చౌధురి. సత్యజిత్ రాయ్ తాతగారు. ఛాయల్ని చుక్కలుగా విడగొట్టే హాఫ్‌టోన్ తెరల మీద ఆయన చేసిన పరిశోధనలు ఇంగ్లండులోని పెన్రోజ్ వార్షిక సంచికల్లో అచ్చయ్యాయి. తెలుగు పత్రికలు సీసపు అక్షరాలతో అచ్చయిన రోజుల్లో ఫోటోలకు హాఫ్‌టోన్ బ్లాకు, గీతల బొమ్మలకు లైన్ బ్లాకు చేయించేవారు. టీషర్టు బొమ్మ అంటే, ఆ మాటల్లో చెప్పాలంటే, హాఫ్‌టోన్‌గా పుట్టిన దాన్ని లైన్ బ్లాకుగా మార్చడం.

స్క్రీన్ ప్రింటింగ్‌కు మూలం తూర్పు ఆసియా స్టెన్సిళ్ళు. కాగితాన్ని కత్తిరించి, విడిపోయే ముక్కల్ని సన్నటి పట్టుదారాలతో నిలబెట్టి బట్టలకు రంగులద్దే కతగామి పద్ధతి జపాన్‌లో ఉండేది. 1907లో మాంచెస్టర్‌కు చెందిన శామ్యూల్ సైమన్ పట్టుగుడ్డ తెరతో అచ్చువేసే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. వెలుగు తగిలితే గట్టిపడే పూతలు వచ్చాక ఫోటోను నేరుగా తెర మీదికి దించడం కుదిరింది. 1962 ఆగస్టులో మార్లిన్ మన్రో చనిపోయిన తర్వాత అమెరికా చిత్రకారుడు ఆండీ వార్హోల్ ఆమె 'నయాగరా' సినిమా ప్రచార ఫోటోను తీసుకుని, ఛాయల్ని తుంచేసి, పెదవులకు, కనురెప్పలకు, జుట్టుకు విడివిడిగా ముదురు రంగులు వేసి తెరతో అచ్చువేశాడు. అమెరికాలో మైకేల్ వాసిలాంటోన్ రూపొందించిన, గుండ్రంగా తిరుగుతూ ఒకే చొక్కా మీద అనేక రంగులు వేయగల యంత్రానికి 1969లో పేటెంటు దక్కింది. బొమ్మల టీషర్టులు ఇంటింటికీ చేరడానికి ఆ యంత్రం బాగా తోడ్పడింది.

ఈ కళకు పాఠ్యగ్రంథం లాంటి బొమ్మ చే గువేరాది. 1960 మార్చి 5న హవానాలో, లా కూబ్ర్ నౌక పేలుడులో చనిపోయినవారి సంస్మరణ సభలో క్యూబా ఫోటోగ్రాఫర్ ఆల్బెర్తో కోర్దా ఆ ఫోటో తీశాడు. అసలు ఫోటోలో ఒక పక్క మరో మనిషి ముఖం, ఇంకో పక్క తాటిజాతి చెట్టు ఆకులు ఉన్నాయి. కోర్దా రెండింటినీ కత్తిరించి ముఖాన్ని మాత్రమే మిగిల్చాడు. ఆ కత్తిరింపే మొదటి కుదింపు. 1968లో ఐర్లండు చిత్రకారుడు జిమ్ ఫిట్జ్‌ప్యాట్రిక్ ఆ ఫోటోలోని బూడిద ఛాయలన్నీ తీసేసి, జుట్టు, గడ్డం, కళ్ళ గుంతలు, ముక్కు నీడ మాత్రమే నల్లటి ముద్దలుగా ఉంచి, వెనక ఎరుపు పరిచాడు. టోపీ మీది నక్షత్రానికి పసుపు పచ్చ రంగును మార్కరుతో చేత్తో దిద్దాడు. చూపును కూడా కాస్త పైకి ఎత్తానని ఆయనే చెప్పాడు. అంటే అది ఫోటోకు నకలు కాదు. చెంపలకు గీత లేదు, నుదుటికి అంచు లేదు, అక్కడంతా వెనక ఉన్న ఎరుపే చర్మంగా నిలబడింది. నలుపు కాని ఏ రంగు చొక్కా మీద వేసినా ఆ ముఖం చెడకపోవడానికి కారణం అదే.

కన్ను ఎలా పూరిస్తుంది

నలుపు, తెలుపు ముద్దలు మాత్రమే ఉన్న బొమ్మలో ముఖం ఎందుకు కనిపిస్తుంది? కెనడా మనస్తత్వ శాస్త్రవేత్త క్రెయిగ్ మూనీ 1957లో ఇలాంటి రెండు ఛాయల ముఖాలను పిల్లలకు చూపి, విడివిడిగా ఉన్న ముద్దల్ని కలిపి రూపంగా చూడగల శక్తి వయసుతోపాటు ఎలా పెరుగుతుందో పరిశీలించాడు. ఈ తరహా చిత్రాలను ఇప్పటికీ మూనీ ముఖాలు అంటారు. వాటినుంచి బొమ్మ చేసేవాళ్ళకు అందే పాఠాలు రెండు. వెలుగు ఒక పక్క నుంచి పడితే నీడలు ముఖం ఆకారాన్ని చెబుతాయి, మిగిలిన గీతలు కన్ను తానే గీసుకుంటుంది. రెండోది, వెలుగు ఉండాల్సిన చోట నీడ, నీడ ఉండాల్సిన చోట వెలుగు పెడితే బాగా తెలిసిన ముఖాన్ని కూడా గుర్తుపట్టడం కష్టం. ఫిల్ము నెగటివ్‌లో మన సొంతవాళ్ళనే పోల్చుకోలేకపోవడం ఇందుకే. ఈ రెండో పాఠం నల్లటి టీషర్టుల దగ్గర ఎంతో అక్కరకొస్తుంది.

ఫోటోను ఎంచుకోవడం

సగం పని ఇక్కడే అయిపోతుంది. ఎదురుగా ఫ్లాష్ కొట్టి తీసిన ఫోటోలో నీడలు ఉండవు కాబట్టి దాన్ని కుదిస్తే కళ్ళు, కనుబొమ్మలు, రెండు ముక్కుపుటాలు మిగిలి, ముఖం పిండిముద్దవుతుంది. కిటికీ పక్కన నిలబెట్టి తీసినది, సాయంకాలపు ఏటవాలు ఎండలో తీసినది శ్రేష్ఠం. నడినెత్తిన ఎండలో తీస్తే కళ్ళు గుంటల్లో మునిగిపోతాయి. వెనక గోడ సాదాగా ఉంటే జుట్టు అంచు సులభంగా తెగుతుంది.

కొలత కూడా చూసుకోవాలి. పెద్దవాళ్ళ టీషర్టు మీద బొమ్మ వెడల్పు సాధారణంగా 10 నుంచి 12 అంగుళాలు. అంగుళానికి 300 పిక్సెళ్ళ చొప్పున 12 అంగుళాలకు 3,600 పిక్సెళ్ళు కావాలి. 12 మెగాపిక్సెళ్ళ ఫోన్ కెమెరా ఫోటోలో 4,000 వరకు ఉంటాయి కనుక ఫోటో మొత్తం వాడితే సరిపోతుంది. అందులోంచి ఒక ముఖాన్ని కత్తిరిస్తే చాలదు. వాట్సాప్‌లో ఫోటోగా పంపితే అది చిక్కిపోయి వస్తుంది. డాక్యుమెంటుగా పంపమని అడగాలి. ఫోటోను కొద్ది రంగుల బొమ్మగా మార్చి గీతలుగా తిరగరాసుకుంటే తక్కువ పిక్సెళ్ళతోనూ నెట్టుకురావచ్చు గానీ, కన్ను, పెదవి లాంటి చోట్ల అసలు ఫోటోలోనే వివరం లేకపోతే దాన్ని ఊహించి గీయాల్సి వస్తుంది. ఊహించిన కన్ను ఇంకెవరిదో అవుతుంది.

పదో తరగతి పూర్వ విద్యార్థుల సమ్మేళనాలకు పాత గ్రూపు ఫోటోను టీషర్టు మీద వేయించుకోవాలనే కోరిక తెలుగునాట బాగా ఉంది. లెక్క వేసి చూస్తే అది ఎందుకు కుదరదో తెలుస్తుంది. వరసకు 15 మంది ఉన్న ఫోటోను 12 అంగుళాల్లో ఇరికిస్తే ఒక్కో మనిషికి ముప్పావు అంగుళం వస్తుంది, అందులో ముఖం వెడల్పు మూడో వంతు అంగుళమే. అంగుళానికి 45 చుక్కల చొప్పున అచ్చువేస్తే ముఖానికి అడ్డంగా 15 చుక్కలు. కళ్ళజోడు ఉందో లేదో కూడా తెలియదు. ఆ స్థానంలో బడి ముఖద్వారాన్నో, ఆవరణలోని చెట్టునో, అందరూ ఎక్కి దిగిన మెట్లనో బొమ్మగా మార్చి, కింద బ్యాచ్ సంవత్సరం వేస్తే ప్రతి ఒక్కరూ తమను అందులో చూసుకుంటారు.

రంగులోంచి బూడిదలోకి, బూడిదలోంచి నలుపు తెలుపుల్లోకి

ఫోటోను బూడిద రంగులోకి మార్చేటప్పుడు సాఫ్ట్‌వేరు సాధారణంగా ఆకుపచ్చకు 59 శాతం, ఎరుపుకు 30, నీలానికి 11 చొప్పున తూకం వేస్తుంది. మన కంటికి ఆ రంగులు ఎంత వెలుగుగా తోస్తాయో దాన్ని బట్టి వేసిన తూకం అది. ముఖాలకు మాత్రం ఎరుపు పాళ్ళనే వాడుకోవడం మేలు. చర్మం ఎరుపును ఎక్కువగా తిప్పికొడుతుంది కాబట్టి ఆ పాళ్ళలో ముఖం తేటగా, మచ్చలు లేకుండా ఉంటుంది, జుట్టూ మీసమూ మాత్రం నల్లగానే నిలుస్తాయి. నీలం పాళ్ళలో ప్రతి మొటిమా, ప్రతి గుంటా పైకి తేలుతుంది.

తర్వాతది గీటు గీయడం. సాఫ్ట్‌వేర్లలో థ్రెషోల్డ్ అనే పేరుతో ఉంటుంది. 0 నుంచి 255 దాకా ఉన్న మెట్లలో ఒకచోట గీటు పెడితే, దానికి కిందివన్నీ నలుపు, పైవన్నీ తెలుపు అవుతాయి. ఫోటోలోని మెట్ల పంపకాన్ని లెక్కగట్టి ఆ గీటును తానే నిర్ణయించే సూత్రాన్ని జపాన్‌కు చెందిన నొబుయుకి ఒత్సు 1979లో ఇచ్చాడు. చాలా సాఫ్ట్‌వేర్లు మొదట గీటును సరిగ్గా మధ్యలో, 128 దగ్గర పెట్టి చూపిస్తాయి. తెల్లటి ముఖాలకు అది ఎంతోకొంత సరిపోతుంది. వరండా నీడలో తీసిన చామనఛాయ ముఖానికి అదే గీటు పెడితే నుదురు, చెంపలు, మెడ అన్నీ నల్లబడి, కళ్ళ తెల్లగుడ్లు, పళ్ళు, చొక్కా కాలరు మాత్రమే మిగులుతాయి. "ముఖం నల్లగా వచ్చిందేంటండీ" అనే ఫిర్యాదుకు మూలం అక్కడ ఉంది. గీటును మెల్లగా దించుకుంటూ 90, 85 దాకా వస్తే మొదట నుదుటి మీద వెలుగు తెరుచుకుంటుంది, తర్వాత ముక్కుదూలం, ఆ తర్వాత దవడ ఎముక. ఇంకా దించితే గడ్డం చెదురుతుంది, జుట్టులోకి రంధ్రాలు పడతాయి.

అందుకని అనుభవజ్ఞులు ఒకే గీటుతో సరిపెట్టరు. అదే ఫోటోకు మూడు నాలుగు నకళ్ళు తీసి, ఒకదాంట్లో చర్మానికి, ఒకదాంట్లో కళ్ళకు, ఒకదాంట్లో జుట్టుకు, ఇంకోదాంట్లో బట్టలకు నప్పేలా వేర్వేరు గీటులు పెట్టి, ఎక్కడికక్కడ బాగున్న భాగాన్ని మాస్కుతో తీసుకుని ఒకే బొమ్మగా కూరుస్తారు. కంటిపాపలోని వెలుగు చుక్క పోయి ఉంటే తెచ్చి పెడతారు. పై రెప్ప గీత తెగితే కలుపుతారు. ముక్కు కింద చెల్లాచెదురుగా ఉన్న నలకల్ని తుడిచేస్తారు. పోలిక నిలిచేది ఈ పావుగంట చేతిపనిలోనే. చీర అంచు, పట్టు బుటా, నగల లాంటి నాజూకు వివరాలకు ముందుగా అంచుల్ని మాత్రమే మిగిల్చే హైపాస్ ఫిల్టరు వాడి, తర్వాత గీటు పెడితే ముద్దల స్థానంలో గీతలు వస్తాయి. ఇదే పని చేత్తో చేయాలనుకునేవాళ్ళు బాపు బొమ్మలు చూడటం మంచిది. ఏ గీత వదిలేయవచ్చో అంత నిక్కచ్చిగా తెలిసిన చేయి అరుదు.

నల్లటి టీషర్టు

తెల్ల టీషర్టు మీద నల్ల ఇంకుతో వేసేటప్పుడు నీడల్ని అచ్చువేస్తాం. నల్ల టీషర్టు మీద తెల్ల ఇంకుతో వేసేటప్పుడు వెలుగుల్ని అచ్చువేయాలి. చెప్పుకుంటే ఇంత చిన్న సంగతి, ఆచరణలో తరచూ తప్పుతుంది. తెల్ల చొక్కా కోసం చేసిన బొమ్మలో ఇంకు రంగును తెలుపుగా మార్చి నల్ల చొక్కా మీద వేసేస్తే గడ్డం తెల్లగా, పళ్ళు నల్లగా, కళ్ళ తెల్లగుడ్లు చీకటి గుంటలుగా, అచ్చం ఫిల్ము నెగటివ్ తయారవుతుంది. బొమ్మను తిరగేసి, నుదురు, చెంప, ముక్కుదూలం మీది వెలుగుకే ఇంకు తగిలేలా పాజిటివ్ (ఫ్రేము మీదికి బొమ్మను దించే ఫిల్ము) తీయాలి. అప్పుడు జుట్టుకు ఇంకే అక్కర్లేదు, బట్టే జుట్టవుతుంది. తల అంచు చీకట్లో మరీ కలిసిపోయి ఆకారం తెలియకపోతే వెనకనుంచి వెలుగు పడినట్టు సన్నటి గీత ఒకటి చేర్చవచ్చు. గీత తల చుట్టూ పూర్తిగా తిప్పకూడదు, తిప్పితే స్టిక్కరు అంటించినట్టుంటుంది.

బూడిద రంగు, లేత గోధుమ రంగు లాంటి మధ్యస్థపు బట్టలు ఇంకా ఉదారమైనవి. నల్ల ఇంకుతో నీడలు, తెల్ల ఇంకుతో మెరుపులు వేసి మధ్య ఛాయను బట్టకే వదిలేస్తే రెండు ఇంకులతో మూడు ఛాయలు దక్కుతాయి. తక్కువ ఖర్చులో ఇంతకంటే నిండైన ముఖం ఇంకో పద్ధతిలో రాదు.

రెండు మూడు రంగులు

గీటు ఒకటి కాక రెండు మూడు పెడితే ఛాయలు మెట్లుగా విడిపోతాయి. దీన్ని పోస్టరైజేషన్ అంటారు. 2008 అమెరికా ఎన్నికల్లో చిత్రకారుడు షెపర్డ్ ఫేరీ చేసిన ఒబామా బొమ్మ ఈ తరహాలో అందరికీ తెలిసినది. అసోసియేటెడ్ ప్రెస్ కోసం మానీ గార్సియా 2006 ఏప్రిల్‌లో తీసిన ఫోటోను తీసుకుని, ముదురు నీలం, ఎరుపు, లేత నీలం, లేత పసుపు కలిసిన తెలుపు అనే మెట్లుగా విడగొట్టాడు. అందులో చర్మం రంగన్నదే లేదు. రంగు ఏదైనా, ముదురు లేతల వరస సరిగ్గా ఉంటే ముఖం నిలబడుతుందని ఆ బొమ్మ చూపిస్తుంది. కుంకుమ రంగు ముఖమైనా, పచ్చటి గడ్డమైనా ఫర్వాలేదు, ముదురు ఉండాల్సిన చోట ముదురే ఉండాలి.

మెట్లను సమానంగా పంచే బటన్‌ను నమ్ముకోకూడదు. ముఖంలో ఎక్కువ భాగం మధ్య ఛాయల్లోనే ఉంటుంది కనుక గీటులు కూడా అక్కడే దగ్గరదగ్గరగా పడాలి.

రంగులు తేలాక ఒక్కోదానికి విడి పాజిటివ్ తీయాలి. ఏ రంగు ఇంకుకైనా పాజిటివ్ మీద ఉండేది నలుపే. పెడనలో కలంకారీ అద్దకం చేసేవాళ్ళకు ఇది కొత్త కాదు. అక్కడ గీతల అచ్చు వేరు, లోపల నింపే రంగులకు ఒక్కోదానికీ అచ్చు వేరు, అన్నీ ఒకేచోట కూర్చుంటేనే పువ్వు పువ్వులా ఉంటుంది. టీషర్టు సాగే బట్ట కాబట్టి అచ్చు కాస్త అటూఇటూ జరగడం మామూలే. జరిగినా మధ్యలో బట్ట తొంగిచూడకుండా లేత రంగును ముదురు రంగు కిందికి అర మిల్లీమీటరు దాకా చొప్పించి ఉంచుతారు. నలుపును చివర్లో, అన్నిటి మీదుగా వేస్తారు.

చుక్కలు

ఛాయలు పూర్తిగా వదులుకోవడం ఇష్టం లేనప్పుడు హాఫ్‌టోన్ దారి ఉంది. నీడలో పెద్ద చుక్కలు, వెలుగులో చిన్న చుక్కలు వేస్తే దూరం నుంచి బూడిద రంగులా భ్రమ కలుగుతుంది. బట్ట మీద అంగుళానికి 45 వరసల చుక్కలు మంచి కొలత. వల గుడ్డ దారాల లెక్క దీనికి నాలుగైదు రెట్లు ఉండాలి, అంటే అంగుళానికి 180 నుంచి 230 దారాల మెష్. ముద్దల బొమ్మకైతే 110 మెష్ చాలు, ఇంకు దిట్టంగా దిగుతుంది. చుక్కల వరసల్ని వల దారాలకు సమాంతరంగా పెడితే రెండు గళ్ళూ కలిసి అలల్లాంటి వింత చారలు పుడతాయి. ఒకే రంగు పనిలో 22.5 డిగ్రీల వంపు పెడితే ఆ బెడద తగ్గుతుంది. బట్ట ఇంకును పీల్చుకుని ప్రతి చుక్కా ఉబ్బుతుంది కనుక, కంప్యూటరు తెర మీద బాగున్న బొమ్మ చొక్కా మీద ఒక మెట్టు ముదురుగా పడుతుంది. పంపే ముందే మధ్య ఛాయల్ని తేటపరచుకోవాలి. మరీ చిన్న చుక్కలు ఫ్రేములో నిలవవు, మరీ దగ్గరి చుక్కలు పూడిపోతాయి. ఈ రెండు కొసల్నీ శుద్ధ తెలుపుగానో, శుద్ధ నలుపుగానో తేల్చేయడం ఉత్తమం.

వరస లేకుండా చల్లినట్టు చుక్కలు వేసే పద్ధతి కూడా ఉంది. రాబర్ట్ ఫ్లాయిడ్, లూయిస్ స్టైన్‌బర్గ్ 1976లో ప్రచురించిన సూత్రం అందులో ప్రసిద్ధం. ఒక పిక్సెల్‌ను నలుపుగానో తెలుపుగానో మార్చినప్పుడు వచ్చిన తేడాను పక్కనున్న నాలుగు పిక్సెళ్ళకు పదహారో వంతుల లెక్కన 7, 3, 5, 1 చొప్పున పంచిపెడుతుంది. పాత వార్తాపత్రిక మీది బొమ్మలాంటి అందం దీనికి ఉంటుంది, కాకపోతే చుక్కను బాగా పెద్దది చేసుకోవాలి.

గీతలుగా తిరగరాయడం

నలుపు తెలుపుల్లోకి వచ్చిన పిక్సెళ్ళ బొమ్మను వంపు గీతలుగా మార్చుకుంటే ఎంత పెంచినా అంచు మెట్లుమెట్లుగా విరగదు. ఉచితంగా దొరికే ఇంక్‌స్కేప్‌లో ఈ పని పోట్రేస్ చేస్తుంది. దాన్ని రాసినది పీటర్ సెలింజర్ అనే గణితవేత్త. అడోబీ ఇలస్ట్రేటర్‌లో ఇమేజ్ ట్రేస్, తెలుగు జిల్లాల్లోని ప్రెస్సుల్లో, ఫ్లెక్సీ దుకాణాల్లో విరివిగా వాడే కోరల్‌డ్రాలో పవర్‌ట్రేస్ ఉన్నాయి. ఫోటోను శుభ్రం చేయకుండా నేరుగా వీటికి అప్పగిస్తే వందల కొద్దీ పేలికల్లాంటి ముక్కలు వస్తాయి. ముందు నలుపు తెలుపుల్లో తేల్చుకుని, తర్వాతే గీతలు తీయాలి. మిల్లీమీటరు కంటే చిన్న ముక్కల్ని తీసేయాలి. బట్ట మీద నిలవడానికి గీత మందం కనీసం 0.35 మిల్లీమీటర్లు, ఇంకు మధ్యలో బట్ట కనబడేలా వదిలే సందు దానికి రెట్టింపు ఉండాలి, ఎందుకంటే ఇంకు లోపలికి పాకుతుంది.

ఇప్పుడు కృత్రిమ మేధ సాధనాలు ఒక్క మాట చెబితే ఫోటోను బొమ్మ చేసి ఇస్తున్నాయి. గోపురానికో, బండికో అవి పనికొస్తాయి. మనుషుల ముఖాల దగ్గర జాగ్రత్త పడాలి. అవి ఛాయల్ని తగ్గించవు, ముఖాన్ని కొత్తగా గీస్తాయి. గడ్డం కింది పుట్టుమచ్చ పోతుంది, ముక్కు సన్నబడుతుంది, నాన్నగారి ముఖం ఎవరో అందగాడి ముఖమవుతుంది.

కింద తెలుగు అక్షరాలు వేస్తే

బొమ్మతోపాటు పేరో, మాటో వేసేటప్పుడు తెలుగు లిపికి ప్రత్యేకమైన చిక్కులున్నాయి. మన అక్షరాల్లో చుట్టలు, ఇరుకు సందులు ఎక్కువ. ఒత్తులు అసలు అక్షరంలో సగం ఎత్తుకు కుదించి ఉంటాయి. పైన గుడి, కింద ఒత్తు ఉన్న మాటకు ఇంగ్లీషు మాట కంటే నిలువు చోటు బాగా కావాలి. దకు, ధకు, పకు, ఫకు మధ్య తేడా ఒక్క చిన్న గీత మాత్రమే. ఇంకు ఉబ్బి అది కలిసిపోయినా, సన్నగా ఉండి రాలిపోయినా 'ధనం' కాస్తా 'దనం' అవుతుంది. కనుక సన్నటి గీతల ఫాంట్లు మానేసి, ఒకే మందం ఉన్న లావుపాటి ఫాంటు తీసుకుని, అక్షరాల మధ్య ఎడం పెంచుకోవాలి. దుకాణంలో ఆ ఫాంటు లేకపోతే ఒత్తులు విడిపోయి అక్షరాలు చెదురుతాయి. ఫైలు పంపేముందు అక్షరాల్ని వంపు గీతల్లోకి (కర్వ్స్) మార్చి పంపాలి. మార్చాక ఇక దిద్దడానికి వీలుండదు కనుక అచ్చుతప్పులు అంతకుముందే చూసుకోవాలి.

అచ్చు పద్ధతులు

స్క్రీన్ ప్రింటింగ్‌లో పాజిటివ్‌ను పూత పూసిన ఫ్రేము మీద ఉంచి వెలుగు పట్టిస్తారు. వెలుగు తగిలిన పూత గట్టిపడుతుంది, నలుపు అడ్డుపడిన చోట మెత్తగా ఉండి నీళ్ళకు కడుక్కుపోతుంది. ఆ దారిగుండా స్క్వీజీ అనే రబ్బరు పట్టీతో ఇంకు దింపుతారు. పాజిటివ్ నలుపు గాఢంగా లేకపోతే బొమ్మ అంతా బూజుపట్టినట్టు వస్తుంది. ప్లాస్టిసాల్ ఇంకుకు 160 డిగ్రీల సెల్సియస్ వేడి అందాలి, అందకపోతే నాలుగు ఉతుకులకే రాలిపోతుంది. ముదురు బట్ట మీద రంగులు వెలగాలంటే ముందు తెల్లటి అడుగుపూత వేయాలి. అంటే ఇంకో ఫ్రేము ఖర్చు.

డీటీఎఫ్‌లో బొమ్మను ఫిల్ము మీద అచ్చువేసి, జిగురు పొడి చల్లి, వేడి ప్రెస్సుతో బట్టకు ఎక్కిస్తారు. ఒక్క టీషర్టు అయినా చేసిస్తారు. ఇందులో సగం పారదర్శకంగా ఉండే మెత్తటి అంచులు పనికిరావు, వాటి కింద తెల్లపూత మసకలా కనబడుతుంది. అంచు తెగినట్టు ఉన్న సరళమైన బొమ్మకే ఇక్కడా మర్యాద. వేడితో రంగును ఆవిరి చేసి బట్టలోకి ఎక్కించే సబ్లిమేషన్ పాలిస్టరు మీద, అదీ తెల్లటి లేదా లేత బట్ట మీదే పనిచేస్తుంది. నూలు బట్టకు పట్టదు. వినైల్ కత్తిరింపుకైతే ముక్కలు ఎంత తక్కువగా, ఎంత పెద్దగా ఉంటే అంత హాయి.

ఏ పద్ధతైనా ముందు అసలు కొలతలో కాగితం మీద ప్రింటు తీసి, చుట్టూ కత్తిరించి, చొక్కాకు గుండుసూదులతో గుచ్చి, వేసుకున్న మనిషిని పది అడుగుల దూరం నిలబెట్టి చూడాలి. బొమ్మ మరీ కిందికి జారిందా, మరీ పెద్దదైందా అన్నది కంప్యూటరు తెర మీద తెలియదు. మెడ పట్టీకి రెండు మూడు అంగుళాల కింద మొదలైతే ముఖం ఛాతీ మీద కూర్చుంటుంది, పొట్ట మీదికి దిగదు.

హక్కులు

ఫోటోను బొమ్మగా మార్చినంత మాత్రాన అది మన సొంతం కాదు. ఒబామా బొమ్మ విషయంలో ఫేరీకి, అసోసియేటెడ్ ప్రెస్‌కు మధ్య నడిచిన వివాదం 2011లో రాజీతో ముగిసింది. లిన్ గోల్డ్‌స్మిత్ తీసిన గాయకుడు ప్రిన్స్ ఫోటో ఆధారంగా వార్హోల్ చేసిన బొమ్మను పత్రికకు లైసెన్సుగా ఇవ్వడం న్యాయమైన వాడకం కిందికి రాదని 2023లో అమెరికా సుప్రీంకోర్టు 7–2 మెజారిటీతో తేల్చింది. కోర్దా తన చే ఫోటోకు ప్రతిఫలం అడగలేదు గానీ, దాన్ని వోడ్కా ప్రకటనలో వాడినందుకు 2000లో దావా వేసి, వచ్చిన 50,000 డాలర్లను క్యూబా వైద్య సేవలకు ఇచ్చేశాడు.

మన దేశంలో 1957 కాపీరైటు చట్టం ప్రకారం, 2012 సవరణ తర్వాత, ఫోటోకు దాన్ని తీసినవారి జీవితకాలమంతా, వారు చనిపోయాక ఇంకో 60 ఏళ్ళు రక్షణ ఉంది. అభిమాన నటుల బొమ్మలు అమ్మేవాళ్ళు ఇంకోటి కూడా గమనించాలి. అనుమతి లేకుండా తన పేరు, రూపం, గొంతు వ్యాపారానికి వాడకుండా అనిల్ కపూర్ 2023లో ఢిల్లీ హైకోర్టు నుంచి ఉత్తర్వు పొందాడు. ఆ తర్వాత తెలుగు నటులు కూడా కోర్టుల్ని ఆశ్రయించారు. సొంత కుటుంబం ఫోటోల దగ్గర చట్టం అనుకూలంగానే ఉంది. డబ్బిచ్చి స్టూడియోలో తీయించుకున్న ఫోటోకు, వేరే ఒప్పందం లేనప్పుడు, మొదటి హక్కుదారు తీయించుకున్న మనిషే. పెళ్ళి ఆల్బంలోని ఫోటోను టీషర్టు చేయించుకోవడానికి ఫోటోగ్రాఫర్ అనుమతి సాధారణంగా అక్కర్లేదు. ఒప్పంద పత్రం మీద సంతకం చేసి ఉంటే మాత్రం అందులో ఏముందో ఒకసారి చదువుకోవాలి.